వెదురు పోగు బలం అతుకులో ఉంది

తడిక నిలిపి మట్టి మెత్తిన గోడలు గోదావరి లంకల్లో ఒకప్పుడు మామూలు దృశ్యం. వెదురు బద్దలు అడ్డం నిలువు అల్లి, రెండు వైపులా వరిగడ్డి కలిపి తొక్కిన మట్టి పూసి, ఆరాక పేడతో అలికితే గోడ పూర్తయ్యేది. విడిగా చూస్తే రెండూ అంతంతమాత్రమే. ఉత్త తడిక గాలికి ఊగుతుంది, ఉత్త మట్టి ఆరగానే నెర్రెలిస్తుంది. కలిశాక మాత్రం లాగుడు సంగతి వెదురు చూసుకుంటుంది, నొక్కుడు సంగతి మట్టి చూసుకుంటుంది. ఇప్పుడు ప్రయోగశాలలు కాంపోజిట్ అంటున్నది, సూత్రం వరకు, ఇదే. ఆ గోడ ఎలా పాడయ్యేదో కూడా గుర్తుంచుకోవాలి. వెదురు విరిగినందువల్ల కూలిన గోడలు తక్కువ. తడి దిగి మట్టి బద్దను వదిలేయడం, ఆ సందులోకి మళ్లీ తడి చేరడం, బద్ద నాని పుచ్చిపోవడం, గోడ పోయేది ఆ దారినే. వెదురు నారతో కాంపోజిట్లు చేయాలన్న ఈనాటి ప్రయత్నంలో అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. వెదురు బలం గురించి అనుమానం అక్కర్లేదు. నారకూ జిగురుకూ మధ్య అతుకు నిలుస్తుందా, అందులోకి నీరు చేరకుండా ఆపగలమా అన్నదే తేలాలి. నెలల తరబడి గాలే తడిగా ఉండే డెల్టాలో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ.

కాంపోజిట్ అనే మాట కొత్తగా వినిపించినా ఆ వస్తువు ఇక్కడివారికి కొత్త కాదు. అంతర్వేది, ఓడలరేవు, భైరవపాలెం రేవుల్లో చెక్క నావల స్థానంలోకి వచ్చిన ఫైబర్ బోటు కాంపోజిటే. గాజును సన్నటి పోగులుగా లాగి, చాపలా పరిచి, పాలియెస్టర్ రెజిన్ అనే ద్రవ జిగురు పూసి గట్టిపరిస్తే బోటు పొట్ట తయారవుతుంది. దానికి తుప్పు లేదు, చెద లేదు. పగిలినచోట మళ్లీ గాజు చాప వేసి రెజిన్ పూస్తే అతుకు పడుతుంది. దాని దోషం ఆయుష్షు తీరాక బయటపడుతుంది. కరిగించి మళ్లీ పోయడానికి రాదు, మట్టిలో కలవదు, కాలిస్తే చెడ్డ పొగా గాజు బూడిదా మిగులుతాయి. కోసేటప్పుడు లేచే దుమ్ము చర్మంలో గుచ్చుకుంటుంది, ఊపిరితో లోపలికి పోతుంది. పైగా గాజు కరగాలంటే కొలిమి 1400 డిగ్రీలు దాటాలి. వెదురు తన పోగును ఎండతో, వానతో తయారు చేసుకుంటుంది. గాజు ఉన్నచోట వెదురు నారను పెట్టవచ్చా అన్న ఆలోచన పుట్టింది ఇందుకే.

వెదురు గడ్డి జాతి మొక్క. భూమిలోంచి కొమ్ము పైకి వచ్చిన కొద్ది నెలల్లోనే బొంగు పూర్తి ఎత్తుకు చేరుతుంది. ఆ తర్వాత ఎత్తూ పెరగదు, లావూ పెరగదు. మూడు నాలుగేళ్లపాటు గోడ లోపల గట్టిపడుతుంది, అంతే. అందుకే లేత బొంగు చూపుకు పెద్దదైనా పనికి రాదు. ఈ సంగతి బుట్టలల్లే మేదరులకు చేతివేళ్లతో తెలుసు. వాళ్లకు తెలిసిన మరో సంగతి ఇంకా ముఖ్యమైనది. బద్ద చీల్చాక పై చర్మం వైపు భాగాన్ని తట్ట అంచుకూ బరువు మోసే ఊచలకూ ఉంచుకుంటారు. లోపలి బెండు వైపు భాగాన్ని చెక్కేస్తారు, లేదా బరువు పడని అల్లికకు వాడతారు. సూక్ష్మదర్శినిలో చూసినా తేలేది ఇదే. బొంగు గోడలో పోగుల కట్టలు పై అంచున కిక్కిరిసి ఉంటాయి, అక్కడ సగానికి పైగా భాగం పోగులే. లోపలి అంచుకు వచ్చేసరికి అవి పదో వంతుకు కొంచెం అటూఇటూగా పలచబడతాయి. గాలి వంచినప్పుడు ఎక్కువ లాగుడు పడేది పైపొర మీద కాబట్టి బలాన్ని అక్కడే పోగుచేసుకుంది వెదురు. కాంపోజిట్ కోసం నార తీసేవారు మొత్తం బొంగును కలిపి నలగ్గొడితే, మంచి నారలో బెండును తామే కలిపినట్టు. తొలి మెట్టులో మేదర కత్తి చేసే ఎంపిక ఏ యంత్రానికీ తీసిపోదు. కణుపుల సంగతీ అంతే. అక్కడ పోగులు నిటారుగా పోకుండా మెలికలు తిరుగుతాయి కాబట్టి పొడవాటి నార కావాలంటే కణుపుకూ కణుపుకూ మధ్య భాగాన్నే తీసుకోవాలి.

ఒక్కో పోగు లోపలికి వెళితే వెదురు నైపుణ్యం ఇంకా తెలుస్తుంది. సెల్యులోజ్ తంతువులు లిగ్నిన్, హెమిసెల్యులోజ్ అనే సహజ జిగుళ్లలో ఇమిడి ఉంటాయి. అంటే వెదురు పోగే ఒక చిన్న కాంపోజిట్. ఆ తంతువులు పోగు పొడవునా దాదాపు నిటారుగా, పది డిగ్రీల లోపు వాలుతో సాగుతాయి. కోనసీమకు బాగా పరిచయమైన కొబ్బరి పీచులో ఇవే తంతువులు స్ప్రింగులా చుట్టుకుని, 30 డిగ్రీలు దాటిన వాలుతో ఉంటాయి. అందుకే కొబ్బరి పీచును లాగితే సాగుతుంది, వదిలితే కాస్త వెనక్కి వస్తుంది, తాళ్లకూ పరుపులకూ అదే గుణం కావాలి. వెదురు నార సాగదు, బిగుసుకుని నిలబడుతుంది. రేకుకూ పలకకూ కావలసింది ఈ బిగువు. రెండూ పీచులే కదా అని ఒకదాని బదులు మరొకటి వేస్తే ఫలితం ఉండదు.

గాజుతో పోలిక అంకెల్లో చూడాలి, లేకపోతే పొగడ్తే మిగులుతుంది. తెగే బలంలో గాజు పోగు 2000 మెగాపాస్కళ్లు (లాగుడు బలాన్ని కొలిచే ప్రమాణం) దాటుతుంది. వెదురు నార కట్టలు, తీసిన పద్ధతిని బట్టి, 140 నుంచి 800 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఇక్కడ గాజుదే పైచేయి. వంగకుండా నిలబడే బిగువులో గాజు 70 గిగాపాస్కళ్లకు (ఒక గిగాపాస్కల్ అంటే వెయ్యి మెగాపాస్కళ్లు) కాస్త పైన, మంచి వెదురు నార 30 నుంచి 40. అయితే గాజు ఘన సెంటీమీటరుకు 2.5 గ్రాములు తూగుతుంది, వెదురు నార 1.5 లోపే. బరువుతో భాగిస్తే బిగువులో రెండూ దగ్గరికి వచ్చేస్తాయి. పలచటి పలక వంపును తట్టుకోవడంలో మందం పాత్ర చాలా ఎక్కువ. అదే బరువుకు తేలికైన నారతో పలక మందంగా చేసుకోవచ్చు కనుక అక్కడ వెదురు ముందుకు కూడా వస్తుంది. దీన్నిబట్టి పని ఎంచుకోవాలి. తలుపు పలక, అడ్డుగోడ, పైకప్పు రేకు, కారు తలుపు లోపలి తొడుగు వెదురుకు తగినవి. గ్యాస్ సిలిండరు, బోటు అడుగు భాగం లాంటివి కావు. ఉక్కు కన్నా వెదురే బలం అని పదేపదే వినిపించే మాట కిలో బరువుకు లెక్కేసినప్పుడు, అదీ పోగు దిశలో లాగినప్పుడు మాత్రమే అర్థవంతం. అడ్డంగా చీలిస్తే బొంగు ఎంత తేలిగ్గా విడిపోతుందో కత్తి పట్టిన ఎవరికైనా తెలుసు.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. బజారులో వెదురు ఫైబర్ పేరుతో అమ్మే మెత్తటి దుస్తుల్లో ఎక్కువ భాగం విస్కోస్ రేయాన్. వెదురును రసాయనాల్లో పూర్తిగా కరిగించి, ఆ సెల్యులోజ్‌ను మళ్లీ దారంగా లాగుతారు. అందులో వెదురు పోగు నిర్మాణం మిగలదు. దాన్ని వెదురు అనే చెప్పి అమ్మినందుకు అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2022లో రెండు పెద్ద దుకాణ సంస్థల చేత 55 లక్షల డాలర్లు కట్టించింది. కాంపోజిట్‌కు కావలసింది ఆ మెత్తటి దారం కాదు. బొంగులో ఉన్నప్పటి నిర్మాణం చెడకుండా బయటికి తీసిన గరుకు నార.

ఆ నార తీయడానికి దారులు మూడు. బద్దలను రోలర్ల మధ్య నలిపి దువ్వడం, నీటిలో నానబెట్టి సూక్ష్మజీవులతో మెత్తబరచడం, కాస్టిక్ సోడా ద్రావణంలో ఉంచి లిగ్నిన్‌ను సడలించడం. అధిక పీడనపు ఆవిరిని ఒక్కసారిగా వదిలి పేల్చే పద్ధతీ ఉంది కానీ దాని పరికరం చిన్న కేంద్రాలకు అందేది కాదు. నానబెట్టడం డెల్టాకు అలవాటైన విద్యే. గోగునార చెరువుల్లో నానింది, కొబ్బరి డొక్కలు కాలవల్లో నానాయి. ఆ నీటి రంగూ వాసనా చూసినవారు ఇంకో నారను కాలవలో నానబెట్టమని చెప్పరు. కాస్టిక్ సోడా సంగతి ఇంకా తీవ్రం. నార కడిగిన నల్లటి నీటిని తటస్థం చేయకుండా వదిలితే, అది చేరేది ధవళేశ్వరం నుంచి సాగే కాలవల్లోకి. ఆ కాలవ నీటితోనే ఊరి మంచినీటి చెరువులు నిండుతాయి. పర్యావరణం పేరు చెప్పి పెట్టే పరిశ్రమ మంచినీటిని పాడుచేస్తే దానికి సమర్థన ఉండదు. బద్దలను ఆవిరితో మెత్తబరిచి, యంత్రంతో నలిపి, సోడాను చివర్లో పైపూతగా, పలచగా, తక్కువ సేపు వాడి, ఆ నీటినే మళ్లీ మళ్లీ వాడుకునే దారి ఖర్చు ఎక్కువైనా ఇక్కడ తగినది.

సోడా అవసరమే లేదనడానికి వీల్లేదు, ఎందుకంటే అతుకు దాని మీద ఆధారపడి ఉంది. వెదురు నార నీటిని ఇష్టపడుతుంది, పాలీప్రొపిలీన్ లాంటి ప్లాస్టిక్ నీటిని దరి చేరనివ్వదు. ఈ రెంటినీ ఊరికే కలిపితే తామరాకు మీద నీటిబొట్టు చందమే. పక్కపక్కనే ఉంటాయి, అంటుకోవు. అలాంటి పలకను విరిచి చూస్తే నార తెగి ఉండదు. ఒరలోంచి కత్తి వచ్చినట్టు ప్లాస్టిక్‌లోంచి నున్నగా ఊడి వస్తుంది. నార బలంలో ఎక్కువ భాగం వాడుకోలేదని దాని అర్థం. పలచటి సోడా ద్రావణం నార మీది మైనాన్నీ, హెమిసెల్యులోజ్‌నూ కొంత తొలగించి ఉపరితలాన్ని గరుకు చేస్తుంది. గాఢత పెంచితే, లేదా ఎక్కువ సేపు ఉంచితే సెల్యులోజే దెబ్బతిని నార బలహీనపడుతుంది. తర్వాత ప్లాస్టిక్‌లో మాలియిక్ ఎన్‌హైడ్రైడ్ అనే రసాయనాన్ని తగిలించిన పాలీప్రొపిలీన్‌ను కొద్ది శాతం కలుపుతారు. దాని ఒక కొస నారను పట్టుకుంటుంది, మిగతా గొలుసు ప్లాస్టిక్‌లో కలిసిపోతుంది. పెళ్లి సంబంధంలో రెండు వైపులా తెలిసిన పెద్దమనిషి పాత్ర దానిది.

వేడి దగ్గర మరో హద్దు ఉంది. 200 డిగ్రీలు దాటితే నార మాడటం మొదలవుతుంది, రంగు మారుతుంది, బలం పోతుంది. పాలీప్రొపిలీన్ 165 డిగ్రీల దరిదాపుల్లో కరుగుతుంది కాబట్టి పని నడుస్తుంది. నైలాన్ లాంటివి ఇంకా వేడి కోరతాయి కాబట్టి సాధారణంగా కుదరవు. ఎపాక్సీ, ఫినాల్ రెజిన్లు తక్కువ వేడిలోనే గట్టిపడతాయి, కానీ ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ కరగవు.

నారను ఎలా పరిచారన్నది చాలామంది తేలిగ్గా తీసుకునే విషయం. చిన్న లెక్క చూస్తే దాని విలువ తెలుస్తుంది. 30 గిగాపాస్కళ్ల బిగువున్న నార మూడు పాళ్లు, 1.5 ఉన్న ప్లాస్టిక్ ఏడు పాళ్లు అనుకుందాం. నారంతా ఒకే దిశలో, అతుకు నిండుగా ఉంటే పలక బిగువు ఆ దిశలో దాదాపు 10. అదే నారను ముక్కలు చేసి అడ్డదిడ్డంగా చల్లితే నార వంతు సాయం మూడో వంతుకు కాస్త ఎక్కువగా మాత్రమే అందుతుంది, బిగువు నాలుగు నాలుగున్నరకు పడిపోతుంది. అతుకు సరిగా లేకపోతే ఇంకా తక్కువ. నారను పొడి చేసి కలిపితే ఇక అది బలాన్నిచ్చేది కాదు, ప్లాస్టిక్ ఖర్చు తగ్గించే పూరణ మాత్రమే. దిశ తప్పకుండా నారను పరచడం చేతిపని. అల్లిక తెలిసిన చేతులున్న చోట ఆ పని తేలిక.

ఇక నీరు. వెదురు నార గాలిలోని తడిని కూడా పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అలా కదలదు. ఒక్కో వానాకాలం, ఒక్కో వేసవి ఈ లాగులాటలో అతుకు దగ్గర సన్నటి పగుళ్లు పుడతాయి, వాటి వెంట ఇంకా నీరు దిగుతుంది. నీరు ముందు చేరేది పలక ముఖం మీదుగా కాదు, కోసిన అంచుల దగ్గర, మేకు రంధ్రాల దగ్గర, నార కొసలు బయటపడినచోట. రెజిన్‌తో ఆ అంచులు మూసేసిన పలకా, మూయని పలకా ఒకే కేంద్రంలో తయారైనా ఆయుష్షులో పోలిక ఉండదు. కలిపే ముందు నారలో ఉన్న తడీ అంతే ప్రమాదం. బయట ఆరబెట్టిన వెదురులో కూడా పదో వంతు దాకా నీరుంటుంది. అది వేడి అచ్చులో ఆవిరై పలక మధ్య బుడగలు పెడుతుంది. పిండి పదార్థం ఇంకో శత్రువు. బొంగులోని పిండి కోసమే పుచ్చు పురుగు వస్తుంది, సన్నటి పొడి రాలుస్తూ లోపల తినేస్తుంది. వానలు వెనకబట్టాక నరకాలి, నరికిన బొంగును కొన్ని వారాలు నీటిలో ముంచి ఉంచాలి అనే పెద్దల పద్ధతికి కారణం ఈ పిండిని తగ్గించడమే. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పిండిని తీయదు కానీ, పురుగు పట్టకుండా కాపాడే పనిని ఇప్పుడు నమ్మకంగా చేస్తుంది.

నిలకడైన పదార్థం అని పేరు పెట్టడానికి వెదురు ఒక్కటే చాలదు, జిగురు ఏమిటో అడగాలి. వెదురు పొడిని మెలమైన్ ప్లాస్టిక్‌లో కలిపి చేసిన కప్పులు, పళ్లేలు పర్యావరణ హితం పేరుతో యూరప్‌లో విరివిగా అమ్ముడయ్యాయి. వేడి పదార్థం పోస్తే వాటిలోంచి ఫార్మాల్డిహైడ్, మెలమైన్ ఆహారంలోకి దిగుతున్నాయని తేలి, 2021లో యూరోపియన్ యూనియన్ వాటిని బజారు నుంచి తీయించే చర్యలు మొదలుపెట్టింది. వెదురు కలపడం వల్ల ప్లాస్టిక్ మెరుగుపడకపోగా త్వరగా చెడింది. మొక్కజొన్న పిండి లాంటి వాటి నుంచి వచ్చే పాలీలాక్టిక్ ఆమ్లం కుళ్లిపోతుందన్నది నిజమే కానీ, దానికి 60 డిగ్రీల దరిదాపుల్లో వేడిగా నడిచే కంపోస్టు కేంద్రం కావాలి. పెరటి పెంటకుప్పలో అది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

ఈ విషయంలో డెల్టాకు తన దగ్గరే ఒక మంచి అవకాశం ఉంది, అది జీడిగింజ పెంకు నూనె. కోనసీమలో మోరి జీడిపప్పుకు పేరు. పెంకులోని నూనె తగిలి వేళ్లు పొక్కడం ఆ పని చేసే ఆడవాళ్లకు నిత్యానుభవం. అలా పొక్కించే నూనెను వేడిచేసి శుద్ధి చేస్తే కార్డనాల్ అనే ఫినాల్ జాతి పదార్థం వస్తుంది. దాని నుంచి చేసిన రెజిన్లు వాహనాల బ్రేకు లైనింగుల్లో ఎంతో కాలంగా ఉన్నాయి. నీటిని తిప్పికొట్టే పొడవాటి నూనె గొలుసు కార్డనాల్‌కు పుట్టుకతోనే ఉంది, వెదురు నారకు కావలసిన రక్షణ అదే. పూర్తిగా దానితోనే రెజిన్ చేయకపోయినా, పెట్రోలియం ఫినాల్‌లో కొంత భాగాన్ని తప్పించినా మేలే. గింజను నిప్పుల మీద కాల్చే పద్ధతిలో ఈ నూనె పొగైపోతుంది, ఆవిరి పట్టి కోసే పద్ధతిలో పెంకు నూనెతో సహా దక్కుతుంది. వెదురు ఒకచోట, జిగురు ఇంకోచోట పుట్టినా రెంటికీ దూరం వంద కిలోమీటర్ల చిల్లర.

దేశంలో ఇప్పటికే నిలబడ్డ ఉదాహరణలు కొన్ని ఉన్నాయి. వెదురు చాపలను రెజిన్‌లో ముంచి, పేర్చి, వేడి ప్రెస్సులో నొక్కి బోర్డులుగా, అలల రేకులుగా చేసే విధానాన్ని బెంగళూరులోని ప్లైవుడ్ పరిశోధన సంస్థ రూపొందించింది, వాటికి భారతీయ ప్రమాణాలు కూడా వచ్చాయి. 2022లో తెరిచిన బెంగళూరు విమానాశ్రయం రెండో టెర్మినల్ పైకప్పు కింద కనిపించే అల్లిక ఇంజనీర్డ్ వెదురే, అంటే బద్దలను జిగురుతో అతికి చేసినది. మహారాష్ట్రలో వణి, వరోరా మధ్య రహదారి అంచున, వాహనాలు పక్కకు దూసుకుపోకుండా ఆపడానికి, 2023లో 200 మీటర్ల వెదురు కంచె నిలిపారు. కలప చెడకుండా వాడే క్రియోసోట్ నూనె పట్టించి, పైన రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ పూత వేసిన బొంగులవి. ఈ మూడింటిలోనూ వెదురును పొడి చేయలేదు, విడి పోగులుగా కూడా తీయలేదు. బద్దగానో చాపగానో బొంగుగానో, దాని సహజ నిర్మాణాన్ని ఉంచి వాడారు. డెల్టా ముందు పట్టుకోవలసింది ఈ కొసనే. నార తీసి ప్లాస్టిక్‌లో కలిపే పరిశ్రమకు పెట్టుబడి, ప్రయోగశాల, నీటి శుద్ధి అన్నీ కావాలి. చాప అల్లి ప్రెస్సులో పెట్టే కేంద్రానికి అల్లే చేతులు ఇక్కడ ఉన్నాయి, ప్లాస్టిక్ బుట్టలూ తట్టలూ వచ్చి వాళ్ల పని లాక్కున్నాయి.

వెదురు రేకుకు ఇక్కడ గిరాకీ ఉండే చోట్లు కూడా తెలిసినవే. సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, పెద్ద గాలికి కొబ్బరి మట్టో మానో పడితే అవి ఫెళ్లున పగులుతాయి. వెదురు చాప రేకు తేలిక, పగలకుండా వంగుతుంది, కింద వేడీ తక్కువ. అయితే తేలిక కావడమే గాలికి ఎగిరే ప్రమాదం కూడా. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమలో రేకును వాసానికి బిగించే కట్టు గురించి చెప్పకుండా రేకును మాత్రం అమ్మడం బాధ్యత కాదు. చేపల, రొయ్యల చెరువుల గట్ల మీది కాపలా గదులు, మేత నిలవ చేసే షెడ్లు, అడ్డుగోడలు మొదటి వాడకానికి అనువైనవి. అక్కడ తడి ఉంటుంది, కానీ పలక చెడినా ప్రాణం మీదికి రాదు.

ముడిసరుకు సంగతి. డెల్టాలో ఇళ్ల వెనక, కాలవ గట్ల మీద వెదురు పొదలున్నా, పెద్ద ఎత్తున దొరికేది రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు వైపు మన్యంలోనే. ఒకప్పుడు ఆ వెదురు తెప్పలుగా కట్టుకుని గోదావరి మీద రాజమండ్రికి దిగేది, అక్కడి కాగితం మిల్లు దాన్నే నమ్ముకుంది. తర్వాత సరుగుడు, సుబాబుల్ వైపు మళ్లింది. చట్టం చాలాకాలం అడ్డుపడింది. 1927 అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కించడంతో సొంత పొలంలో పెంచినవారికి కూడా నరకడానికి, తరలించడానికి అనుమతుల తిప్పలు ఉండేవి. 2017 సవరణ అడవి వెలుపల పెరిగిన వెదురును ఆ నిర్వచనం నుంచి తప్పించింది. అడవిలోని వెదురును 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దాని మీద హక్కును గిరిజనులకు ఇచ్చింది. డెల్టాలో పలకలు చేసి లాభపడి, బొంగు కోసిన కొండరెడ్డికి కూలి మాత్రమే మిగిలితే ఆ పలకను నిలకడైనదని పిలవడానికి మనసొప్పదు. ధర బొంగు లెక్కన కాకుండా, వయసు చూసి, చీల్చి, ఎండబెట్టిన బద్ద లెక్కన కుదిరితే విలువలో ఒక వాటా కొండ మీదే ఉంటుంది. వెదురు పూయడం గురించి ఇంకో జాగ్రత్త. ముళ్ల వెదురు కొన్ని దశాబ్దాలకు ఒకసారి ప్రాంతమంతా ఒకేసారి పూసి, వెదురు బియ్యం రాల్చి చచ్చిపోతుంది. ఒకే జాతి మీద ఆధారపడిన కేంద్రానికి ఆ తర్వాత కొన్నేళ్లు ముడిసరుకు ఉండదు కాబట్టి రెండు మూడు జాతులను వేరువేరు వయసుల్లో నాటుకోవాలి.

ఇలాంటి కేంద్రం పెట్టాలనుకునేవారు సాధారణంగా ముందు ప్రెస్సు ధర అడుగుతారు. డెల్టాలో ముందు అడగవలసింది ఆరబెట్టే గది గురించి. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఎండ మీద ఆధారపడి బద్దను తగినంత ఆరబెట్టడం కుదరదు. బూజు పడుతుంది, రెజిన్ పట్టదు, ప్రెస్సులో బుడగలు లేస్తాయి. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఊకతో మండే బాయిలర్లు ఉన్నాయి, ఆవిరి ఉంది, సీజను దాటాక ఖాళీ సమయమూ ఉంది. అలాంటి మిల్లు పక్కనే షెడ్డు వేసి, ఆ ఆవిరినే గొట్టాల్లో తిప్పి బద్దలను ఆరబెట్టి, ప్రెస్సు పలకలను వేడి చేసుకుంటే బయట నుంచి ఇంధనం కొనాల్సిన పని చాలావరకు తప్పుతుంది. తయారైన పలకను గదిలో పరీక్షిస్తే చాలదు. అంచులు మూసినది ఒకటి, మూయనిది ఒకటి, మేకు కొట్టినది ఒకటి తీసుకుని, అంతర్వేది ఉప్పు గాలిలో మూడు వానాకాలాలు బయట నిలబెట్టాలి. ప్రతి ఏడూ ఉగాదికి తూకం వేసి, మందం కొలిచి, ఒక ముక్క విరిచి చూడాలి. విరిగినచోట నార తెగిందా, ఊడివచ్చిందా అన్నది కంటికే కనిపిస్తుంది.